ఆర్‌ఎక్స్ 6600: పాత ఐ5 డెస్క్‌టాప్‌లో రెండేళ్ల వాడకం తర్వాత

నాది ఐ5-8400 ప్రాసెసర్, బీ360 బోర్డు ఉన్న డెస్క్‌టాప్. అందులో ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు పెట్టి రెండేళ్లు దాటింది. పగలు నా వీడియో ఎడిటింగ్, రాత్రి మావాడి గేములు. 1080పీ మానిటర్‌కి ఈ కార్డు హాయిగా సరిపోతోంది. కాకపోతే కార్డు ఎంచుకోవడం కన్నా, దాన్ని పాత సిస్టమ్‌లో కుదిర్చడమే పెద్ద పని.

విశాఖ ద్వారకానగర్‌లో షాపులు తిరిగితే అందరూ ముందు బడ్జెట్ ఎంతని అడిగారు. ఎస్ఎంపీఎస్, అంటే సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పవర్ సప్లై, ఏదని అడిగినవాళ్లు తక్కువ. నా పాత ఎస్ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లని రాసుంది. కిందున్న పట్టిక చూస్తే 12 వోల్టుల లైన్‌కి 18 ఆంపియర్లే, అంటే 216 వాట్లు. కార్డూ ప్రాసెసరూ లాగేది ఆ లైన్ నుంచే. కార్డుకి 132 వాట్లు, ప్రాసెసర్‌కి 65. కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ, లోడ్ మీద ఒక్కసారిగా ఎక్కువ లాగితే తట్టుకునే చోటు ఉండదు. పైగా కార్డుకి కరెంటిచ్చే 8 పిన్నుల కనెక్టరే దానికి లేదు. హార్డ్‌డిస్క్ వైరు నుంచి 8 పిన్నులకు మార్చే కన్వర్టర్ వేసేస్తాం అన్నారొక షాపులో. బోర్డు స్లాట్ నుంచి వచ్చేది 75 వాట్లు, 8 పిన్నుల కనెక్టర్ ఇవ్వాల్సింది 150 వరకు. అంత కరెంటు ఆ సన్న వైర్ల మీద నడిపే ధైర్యం నాకు లేదు. 550 వాట్ల బ్రాంజ్ రేటింగ్ ఎస్ఎంపీఎస్ కొన్నాకే కార్డు జోలికి వెళ్లాను.

చూసినవాటిలో ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవక. కానీ అది నాలుగు లేన్ల కార్డు, అంటే బోర్డుతో డేటా నడిచే దారులు నాలుగే. నా బోర్డు స్లాట్ పాత తరం పీసీఐ 3.0 కాబట్టి వేగం బాగా తగ్గిపోతుంది. ఎడిట్ చేసిన వీడియోని త్వరగా ఫైలుగా మార్చే ఎన్‌కోడర్ కూడా లేదు, నాలాంటివాడికి అక్కడే కథ ముగిసింది. ఇంటెల్ ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) కావాలి. పదో తరం ప్రాసెసర్ నుంచే వాడమని ఇంటెలే చెబుతోంది, నాది ఎనిమిదో తరం. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ మెమరీ ఉండటం ఊరించింది, ధర వెనక్కి లాగింది. 6600 ఎనిమిది లేన్లది. పీసీఐ 3.0లో ఆ తేడా నాకెక్కడా తెలియలేదు.

క్యాబినెట్‌లో చోటు టైలర్ టేపుతోనే కొలుచుకున్నాను, హార్డ్‌డిస్క్ గూడు అడ్డమొస్తుందేమోనని. రాలేదు. అయితే కార్డు రెండు స్లాట్ల మందం, కింద ఉన్న వైఫై కార్డు తీసి యూఎస్‌బీ డాంగిల్ పెట్టుకోవాల్సి వచ్చింది. వీజీఏ మాత్రమే ఉన్న మానిటరైతే ఇంకో ఖర్చు, ఈ కార్డులో ఆ పోర్టు లేదు.

యూపీఎస్ సంగతి ఎవరూ చెప్పరు. మా 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే. గేమ్ నడుస్తుండగా కరెంటు పోతే ఒక్క కూత కూసి సిస్టమ్‌తో సహా పడిపోయేది. 1000 వీఏది తెచ్చాక ఆ టెన్షన్ పోయింది.

మేం ఉండేది పెదవాల్తేరులో. సముద్రపు గాలికి క్యాబినెట్ స్క్రూలు తుప్పు పట్టాయి, కార్డు వెనక పట్టీ మీద మరకలు లేచాయి. లోపల మాత్రం ఏమీ కాలేదు. మామూలు పనుల్లో ఫ్యాన్లు అసలు తిరగవు కాబట్టి దుమ్ము కూడా తక్కువే. మే నెలలో ఏసీ లేకుండా గేమ్ ఆడితే వేడి డెబ్బై డిగ్రీలు దాటుతుంది, ఫ్యాన్ల మోత కూడా వినిపిస్తుంది.

విసుగు తెప్పించింది డ్రైవర్లే. విండోస్ అప్‌డేట్ తనంతట తాను వేరే వెర్షన్ వేసేసి ఏఎండీ సాఫ్ట్‌వేర్ తెరుచుకోకుండా చేసింది, అదీ ఒకసారి కాదు. 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్, ఏఐ టూల్స్ మీద పనిచేసేవాళ్లు ఇది కొనొద్దు. వాటిలో చాలావరకు ఎన్‌విడియా కార్డుల్లోనే నడిచే సీయూడీఏ (CUDA) అనే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడినవే. గేముల్లో వెలుగునీడలు నిజంలా చూపించే రే ట్రేసింగ్ ఆన్ చేస్తే వేగం పడిపోయి మావాడే మళ్లీ ఆపేస్తాడు.

సెకండ్ హ్యాండ్ కార్డులు చాలా తిరుగుతున్నాయి. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియం క్రిప్టోకరెన్సీ మైనింగ్ ఆగిపోయాక వాటిలో రాత్రీపగలూ నడిచినవి బయటికొచ్చాయి. బిల్లు, వారంటీ లేకపోతే నేనైతే ముట్టుకోను.

ఇది చూసి గాజువాకలో ఉండే మా బావ కూడా 6600 కొంటానన్నాడు. వాళ్లది కంపెనీ బ్రాండెడ్ చిన్న క్యాబినెట్. ఎస్ఎంపీఎస్ దానికోసమే చేసింది, మామూలుది అందులో పట్టదు. కనెక్టర్ అక్కర్లేని జీటీఎక్స్ 1650లో పొట్టి రకం చూసుకో బావా అన్నాను. పెట్టెలో చిన్న క్యాబినెట్‌కి బిగించే పొట్టి పట్టీ కూడా వస్తుందో లేదో అడిగి మరీ కొనమన్నాను.