స్టీఫెన్ కింగ్ ‘ఆన్ రైటింగ్’: ఏళ్ల తరబడి పక్కన పెట్టుకుని రాశాక

కథలు రాయాలనుకునేవాళ్లు ఏం చదవాలని అడిగితే రెండు పేర్లు చెబుతాను. వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి ‘కథాశిల్పం’ ఒకటి, స్టీఫెన్ కింగ్ 2000లో తెచ్చిన ‘ఆన్ రైటింగ్’ ఇంకొకటి. మొదటిదానికి 1999లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది, దాని విలువ మనవాళ్లకు తెలుసు. రెండోదాన్ని మాత్రం దెయ్యాల నవలలాయన రాసిందేగా అని పక్కన పెట్టేస్తుంటారు. అది అన్యాయం.

మొదటి భాగం ఆత్మకథ. పత్రికలు తిప్పిపంపిన చీటీలన్నీ కుర్రాడు కింగ్ గోడమేకుకు గుచ్చేవాడు. పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఆ మేకు బరువు ఆపలేకపోతే, ఇంకా పెద్దది కొట్టి రాస్తూనే పోయాడు. అచ్చయిన తన మొదటి నవల ‘క్యారీ’ తొలి పేజీలు చెత్తబుట్టలో పడేస్తే భార్య టబితా ఏరి తెచ్చి, మిగతాది రాయమంది. కథ తిరిగొచ్చిన రోజుల్లో ఈ పేజీలు తిరగేస్తే నాకు మళ్లీ కలం పట్టబుద్ధేస్తుంది.

అసలు సరుకు చివర్లో ఉంది. తర్వాత ‘1408’గా వచ్చిన కథ మొదటి పేజీలను ముందు చిత్తుప్రతిగా, ఆ వెంటే కొట్టివేతలతో సహా అచ్చువేసి, ఏ దిద్దుబాటు ఎందుకో చెప్పాడు. హోటల్ మేనేజర్ ఓస్టర్‌మేయర్ కాస్తా ఓలిన్ అయ్యాడు. ఆ ఒక్క మార్పుతో కథలో సుమారు పదిహేను వరసలు తగ్గాయంటాడు! పేరు పొడవు కూడా కథ నడకను అడ్డుకుంటుందని నాకు మరెవరూ చెప్పలేదు. రెండో ప్రతి మొదటిదానికన్నా 10 శాతం తగ్గాలన్న సూత్రం కూడా ఆయనకొక సంపాదకుడు తిరస్కరణ చీటీ మీద రాసిచ్చిందే. నా ప్రతి కథకూ సాపుప్రతి తీసేటప్పుడు ఈ లెక్క వేస్తాను.

క్రియకు ముందు విశేషణాలు తగిలించొద్దన్న ఆయన పట్టుదల మన ‘గా’లకు అచ్చంగా సరిపోతుంది. “ఏమ్మా కోడలుపిల్లా, ఇప్పటికి తెల్లారిందా?” అని అత్తగారు వెటకారంగా అంది, అని రాస్తాం. వెటకారం ఆ మాటలోనే ఉంది, ‘వెటకారంగా’ కొట్టేయొచ్చు. ఇంకో అడుగు వేస్తే ‘అని అత్తగారు అంది’ కూడా తీసేయొచ్చు. వరస పెట్టి పిలిచే భాష మనది, ఎవరు ఎవరితో అంటున్నారో పిలుపే చెప్పేస్తుంది. ఈ వెసులుబాటు ఇంగ్లిష్‌లో ఆయనకు లేదు.

ఆయనతో నాకు పేచీ ఇతివృత్తం దగ్గర. ముందే అల్లుకోవద్దు, కథ భూమిలో శిలాజంలా ఉంటుంది, తవ్వి తీయాలంటాడు. పెద్ద నవలకు అది చెల్లుతుందేమో గానీ, ఆదివారం అనుబంధంలో పట్టే కథకు చెల్లదు. అక్కడ వల్లంపాటి గారే దిక్కు. కొత్తవాళ్లు రోజుకు వెయ్యి మాటలు రాయాలన్న నియమమూ ఉద్యోగం, ఇల్లు ఉన్నవాళ్లకు కష్టమే. చిత్తుప్రతిని కనీసం ఆరు వారాలు సొరుగులో పెట్టమన్న సలహా మాత్రం బంగారం.

తెలుగులో రాసేవాళ్లయితే ఇంగ్లిష్ వ్యాకరణం పేజీలు దాటేసి, ముందు ఆ దిద్దుబాటు పేజీలు తెరవండి. కొట్టేసిన ప్రతి మాట దగ్గరా ఆగి, ఎందుకు కొట్టేశాడో మీరే ఆలోచించాక ఆయన చెప్పిన కారణం చూడండి.