లేక్ వ్యూ అంటే నీళ్ల ట్యాంకు అనుకోలేదు

ఫోన్‌లో లాడ్జివాడు "లేక్ వ్యూ రూమ్ సార్, పన్నెండొందలు" అన్నాడు. తీరా రాజహంసలను (ఫ్లెమింగోలను) చూద్దామని సూళ్లూరుపేట చేరి ఆ లాడ్జి కిటికీ తెరిస్తే పక్క మేడ మీద నల్లటి నీళ్ల ట్యాంకు. పులికాట్ సరస్సు ఇంకా కిలోమీటర్ల అవతల ఉంది. కిందికెళ్లి అడిగితే, "ఫ్లెమింగో పండగ రోజులు కదా, 2,600 కట్టాలి" అని కొత్త లెక్క చెప్పాడు. రాత్రి పదకొండయింది. అక్కకు టెన్షన్, బావకు కోపం, నాకు నిద్ర. కట్టేశాం. వేడినీళ్లు బకెట్ 40 రూపాయలు. దుప్పటి మాత్రం ఉచితం, దాని మీది సాంబారు మరకతో సహా.

పొద్దున ఐదున్నరకు ఆటో మాట్లాడుకున్నాం. శ్రీహరికోట రోడ్డులో ఆటకానితిప్ప దాకా, అడిగినచోటల్లా ఆపుతూ రానూపోనూ 700. మేం అడగకుండానే ఒకచోట ఇంజిన్ ఆపేసి, "మాట్లాడకుండా దిగండి సార్, ఎండెక్కితే లోపలికెళ్లిపోతాయి" అన్నాడు డ్రైవరు.

మోకాలి లోతు కూడా లేని ఉప్పునీళ్లలో వందల రాజహంసలు. రోడ్డుకు దగ్గర్లో ఒకటి ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ, దమ్ము తొక్కినట్టు బురద తొక్కుతోంది. తర్వాత పొడుగాటి మెడ వంచి, ముక్కు పైభాగం కిందికొచ్చేలా తల తిరగేసి నీళ్లను జల్లెడ పట్టింది. దానికి దొరికే నాచులో, బుల్లి రొయ్యల్లో ఉన్న రంగే ఒంటికి గులాబీగా పడుతుంది. మందలో కొన్ని ఇంకా బూడిదరంగులోనే ఉన్నాయి, అవి పిల్లలు. ఇవి గూళ్లు కట్టేది ఇక్కడ కాదు, గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. ఇక్కడికి తిండి కోసమే వస్తాయి. నిలబడితే దాదాపు తెల్లగా కనిపించిన మంద ఒక్కసారిగా లేచేసరికి రెక్కల్లో ఎరుపు, అంచుల్లో నలుపు! అక్క నా చెయ్యి గిచ్చేసింది.

బావ మాత్రం మూతి ముడుచుకున్నాడు. అంత పెద్ద లెన్సు మోసుకొస్తే ఫొటోలో చీమల్లా పడ్డాయట.

మధ్యాహ్నం నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు, నత్తగుల్ల కొంగలు చూశాం, బాగుంది. భోజనం 150, చేపల పులుసుకు ఇంకో 120. ఆ పులుసు కోసం మళ్లీ వెళ్తాను.

పక్షుల కోసమే అయితే పండగ రోజులు వదిలేయండి. మైకుల మోత, గదుల రేట్లు రెండూ భరించలేం. నెల్లూరులో పడుకుని తెల్లారేలోపు కారులో బయల్దేరడం మేలు.

గది ఖాళీ చేస్తుంటే కౌంటర్లో కుర్రాడు "ఐదు స్టార్లు ఇవ్వండి సార్" అన్నాడు. ఆ ట్రిప్పులో బావ నవ్వింది అప్పుడొక్కసారే.