ఆన్‌లైన్ మిర్రర్ బాక్స్‌కి 1 స్టార్, తిరుపతి అద్దాల కొట్టుకి 4

మా నాయనకి పోయిన కార్తీకంలో ఎడమ కాలు మోకాలి కింద తీసేసినారు. షుగరు. చిన్న బొబ్బ పుండయింది, పుండు నల్లబడింది, ఇంక లాభం లేదన్నారు. కుట్లు బాగానే మానినాయి, హమ్మయ్య అనుకునేలోపల మొదలైంది అసలు కథ. రాత్రి ఒంటిగంటకి లేచి "రేయ్, వేళ్ళు ముడుచుకుపోయినాయి, కాస్త విడదీయరా" అంటాడు. ఏ వేళ్ళు నాయనా అంటే, లేని కాలి వేళ్ళు! ఆ నొప్పికి అద్దం వైద్యం కోసం తీసుకున్న రెండు అద్దాల సంగతే ఇది.

మా అమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. నేను మనసు బాగలేక అంటున్నాడులే అనుకున్నా, ఇప్పటికీ దానికి సిగ్గుపడతా. ఆపరేషన్ చేసిన చోట అడిగితే "కొన్నాళ్ళకి అదే పోతుంది" అని ఒక్క ముక్క చెప్పి పంపించేసినారు, పేరు రాయను. పారాసిటమాల్ వేస్తే నీళ్ళు తాగినట్టే. తర్వాత ఇంకో డాక్టరు నరాల నొప్పికని ప్రీగాబాలిన్ రాసినాడు, షుగరోళ్ళకి కిడ్నీ రిపోర్టు చూసి డోసు పెట్టాలంట, అట్లే చూసి పెట్టినాడు. కొంచెం తగ్గింది గానీ పగలంతా తూగుడే, అన్నం ముద్ద చేతిలో ఉండంగానే నిద్ర.

ఆ డాక్టరు దగ్గరుండే ఫిజియో పాప మాకు అర్థమయ్యేట్టు చెప్పింది. కాలు తీసేసినా మెదడులో ఆ కాలి పటం అట్లే ఉంటుందంట. మెదడు కదులు కదులు అని చెప్తా ఉంటుంది, కదిలినా అని కాలి నుంచి కబురు రాదు, ఆ గందరగోళం నొప్పిగా తెలుస్తుందని ఒక లెక్క. పైగా కోసిన నరాల కొసలు ముడిపడి అవి వేరే షాకు కొట్టినట్టు చేస్తాయి. కాళ్ళు చేతులు తీసేసినోళ్ళలో సగం మందికి పైనే ఈ నొప్పి వస్తుందంట, దీన్ని ఫాంటమ్ లింబ్ పెయిన్ అంటారు. ఫాంటమ్ అంటే దెయ్యమే కదా, 1871లో సైలస్ వేర్ మిచెల్ అని అమెరికా డాక్టరు, యుద్ధంలో కాళ్ళు చేతులు పోయిన సైనికుల్ని చూసినాయన, ఆ మాట వాడినాడు. అంటే మా అమ్మ మరీ అంత తప్పు చెప్పలేదు!

దీనికి అద్దం వైద్యం ఉంది. 1990ల్లో రామచంద్రన్ అని మన పక్క చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదువుకొని అమెరికా పోయినాయన కనిపెట్టినాడు. రెండు కాళ్ళ మధ్య అద్దం నిలబెట్టి బాగున్న కాలిని అందులో చూస్తా కదిలిస్తే, పోయిన కాలు ఉన్నట్టూ కదిలినట్టూ కనిపిస్తుంది. అందరికీ పనిచెయ్యదని ఆ పాప ముందే చెప్పింది.

సరే అని ఆన్‌లైన్‌లో 2,199 పెట్టి మిర్రర్ బాక్స్ తెప్పించినా. తీరా చూస్తే అది చేతులకి చేసింది, నాయన పాదం పెడితే మడమ బయటే. అద్దం గాజు కూడా కాదు, అక్రిలిక్ రేకు, అందులో కాలు నీళ్ళలో చూసినట్టు వంకర్లు పోతా ఉంది. "ఈ కాలు నాది కాదురా" అని పక్కకి తోసేసినాడు. వాపస్ తీసుకోవడానికి పదకొండు రోజులు తిప్పినారు. ఆ ఒక్క స్టార్ కూడా అట్టపెట్టెకి, పాపం అది గట్టిగా ఉండింది.

తిలక్ రోడ్డు వెనక సందులో కిటికీ అద్దాలు కోసే చిన్న కొట్టు ఉంది, అక్కడికి పోయినా. అన్నా ఇట్లా కాలికి అద్దం కావాల అంటే కాలికెందుకు సామీ అని నవ్వినాడు, మా నాయన సంగతి చెప్పినాక నవ్వలేదు. నాలుగడుగుల పొడుగు, అడుగున్నర ఎత్తు, మామూలు అద్దమే, అంచులు చెయ్యి కోసుకోకుండా పాలిష్ పట్టి, వెనక ప్లైవుడ్ కొట్టి, పడిపోకుండా రెండు పక్కలా కాళ్ళు పెట్టిచ్చినాడు. మొత్తం 1,350. కాళ్ళకి మాత్రం వేరేగా తీసుకోలేదు, "కాలు లేనాయన దగ్గర కాలికి డబ్బులేంది" అన్నాడు. ఏడవాల్నో నవ్వాల్నో తెలీలేదు.

మా నాయన ఆర్టీసీలో కొండ బస్సులు తోలినాడు, ఎడమ కాలంటే ఆయనకి క్లచ్చు. నొప్పి ఎట్లుంది అంటే "ఘాట్‌లో క్లచ్చు తొక్కి పట్టినట్టుంది, పాదం ఎత్తుదామంటే రాదు" అంటాడు. చాప మీద కూర్చోబెట్టి, కోసినాక మిగిలిన మొండికాలు అద్దం వెనక పెట్టి, కుడి కాలికున్న తాడు విప్పేసినాం, రెండు కాళ్ళూ ఒకే రకంగా కనిపించాలంట. మూడు నాలుగు నిమిషాలు ఊరికే చూసినాడు. తర్వాత కుడి పాదం మెల్లగా కిందికి తొక్కి, మెల్లగా పైకి ఎత్తినాడు. మళ్ళీ తొక్కినాడు. అద్దంలోంచి కళ్ళు తియ్యకుండానే "వదిలింది రా" అన్నాడు.

అంతే అయిపోయిందనుకోబాకండి. ఆరోజు ఐదు నిమిషాలకే తల తిరుగుతోందని తీసేయమన్నాడు, రెండో రోజు నొప్పి ఎక్కువైంది, నేను అద్దం మంచం కిందికి తోసేద్దామనుకున్నా. పాప తిట్టింది. రోజుకి పదిహేను నిమిషాలు, నాలుగు వారాలైనా చూడాలంట. ఇప్పుడు ఆరో వారం, రోజూ రాత్రి లేచేవాడు వారంలో రెండుసార్లు లేస్తా ఉండాడు, డాక్టరు మందు డోసు కూడా తగ్గించినాడు. మొండికాలే ఎర్రగా వాచి నొప్పి పెడితే మాత్రం ఇది కాదు, అద్దం పక్కన పెట్టి వెంటనే చూపించుకోండి. టీటీడీ వాళ్ళ బర్డ్ ఆసుపత్రిలో కృత్రిమ కాలికి కూడా తిరుగుతా ఉన్నాం.

కొట్టుకి ఒక స్టార్ ఎందుకు కోసినానంటే, రెండు రోజుల్లో ఇస్తానని తొమ్మిది రోజులు చేసినాడు, ఫోన్ ఎత్తడు, ఒక పక్క స్క్రూ నెలకే లూజైతే నేనే బిగించుకున్నా. పోయేటోళ్ళు సాయంత్రం నాలుగు తర్వాత పోండి, పొద్దున సైట్ల మీద ఉంటాడు. తొడ నుంచి పాదం దాకా కూర్చోబెట్టి కొలత తీసుకొని పోండి, నిలబెట్టి కొలిస్తే పొడుగు తప్పుతుంది, మేం ఒకసారి అట్లే తప్పినాం.