రెండు ఏసీల ఆటో ఛేంజోవర్ కంట్రోలర్: చిన్న సర్వర్ రూముకు కొనొచ్చా?

విజయనగరం, శ్రీకాకుళం ఊళ్లలో ల్యాబులు, ఆసుపత్రులు, కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసులు నడిపేవాళ్ల కోసం ఈ రివ్యూ. సర్వర్ రూములో రెండు స్ప్లిట్ ఏసీలుంటే వాటి మధ్య గోడకు బిగించే చిన్న కంట్రోలర్ ఇది. బ్రాండు ఏదైనా పని ఒకటే. పెట్టిన టైము ప్రకారం ఒక ఏసీని ఆపి రెండోదాన్ని వేస్తుంది. గది వేడెక్కితే రెండూ నడుపుతుంది. అప్పటికీ వేడి దిగకపోతే సైరన్ కొట్టి ఎస్సెమ్మెస్ పంపుతుంది. కొనదగ్గ వస్తువే, ఐదుకు మూడున్నర ఇస్తాం. తగ్గించిన ఆ ఒకటిన్నరకు కారణం పెట్టె కొంత, బిగించే పద్ధతి కొంత.

ఏసీ ఆగితే చేతిలో ఎంత టైముంటుందో ముందు లెక్క వేసుకోవాలి. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గాలి బరువు సుమారు 33 కిలోలు. రాక్‌లో (సర్వర్లు పేర్చే ఇనుప చట్రం) లోడు 3 కిలోవాట్లయితే, గాలి ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటే వేడి నిమిషానికి 5 డిగ్రీలు పెరగాలి. గోడలు, రాక్ ఇనుము కొంత పీల్చుకుంటాయి కనుక అంత వేగంగా పెరగదు. అయినా తలుపు మూసిన గది పావుగంటలో 35 దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎవరో ఫోన్ చూసుకుని, తాళం వెతుక్కుని వచ్చేసరికే ఆ టైము అయిపోతుంది.

కరెంటు పోయినప్పుడే అసలు చిక్కు. యూపీఎస్ మీద సర్వర్లు నడుస్తూనే ఉంటాయి, ఏసీలు ఆగిపోతాయి. జనరేటర్ అందుకున్నాక కూడా స్టెబిలైజర్ డిలే, దాని మీద కంప్రెసర్ డిలే, ఒక్కోటి దాదాపు మూడు నిమిషాలు. ఇక ఏసీకి ఆటో రీస్టార్ట్ లేకపోయినా, ఉండి ఆన్ చేయకపోయినా, కరెంటొచ్చినా అది నిద్రపోతూనే ఉంటుంది. కాబట్టి కంట్రోలర్ కొనేముందు ఏసీ ఎంసీబీ (బోర్డులో ఆ లైను స్విచ్) దించి, ఐదు నిమిషాలాగి ఎత్తండి. రిమోట్ ముట్టకుండా పాత సెట్టింగుతోనే చల్లగాలి రావాలి.

ఈ కంట్రోలర్లు రెండు రకాలు. రిలేతో (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్) ఏసీ సప్లైనే కోసేవి, ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) కన్నుతో రిమోట్ సిగ్నల్ పంపేవి. ఇన్వర్టర్ ఏసీకి రోజూ సప్లై కోయడం మంచిది కాదు, ఐఆర్ రకమే తీసుకోండి. పాత ఫిక్స్‌డ్ స్పీడ్ ఏసీకి రిలే రకం సరిపోతుంది కానీ పెట్టెలోని చిన్న రిలే మీద లోడు వేయొద్దు. కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటుకు దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి. బయట ఒక కాంటాక్టర్ (పెద్ద లోడు తట్టుకునే రిలే) పెట్టించండి. ఐఆర్ రకానికీ ఓ లోపముంది: సిగ్నల్ పంపుతుంది తప్ప ఏసీ నిజంగా నడిచిందో లేదో దానికి తెలీదు. అందుకే ఏసీ గాలి వచ్చే చోట రెండో సెన్సర్ పెట్టుకునే వీలున్న మోడలే కొనండి. మేం మార్కులు తగ్గించింది ఎక్కువగా దీనికే. చాలావాటికి సెన్సర్ ఒక్కటే వస్తుంది.

ఆ ఒక్క సెన్సర్‌నూ వైరు కలిసొస్తుందని ఏసీ కిందే అంటిస్తారు. అక్కడ 20 చూపిస్తుంటే రాక్ పైభాగంలో 31 ఉండొచ్చు. రాక్ ముందువైపు, పైనుంచి మూడో వంతు ఎత్తులో, సర్వర్లు గాలి పీల్చే చోట కట్టండి. సర్వర్ లోపలికెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం) సిఫార్సు. అందుకని 27కు రెండో ఏసీ, 30కి సైరన్, మెసేజ్, 35కు అవసరం లేని మెషీన్ల షట్‌డౌన్, 38కి అన్నీ ఆపడం అని పెట్టుకోవచ్చు. ఆపే వరుస కూడా ముందే రాసి తలుపుకు అంటించండి: టెస్టు మెషీన్లు, తర్వాత అప్లికేషన్, డేటాబేస్, స్టోరేజి, చిట్టచివర నెట్‌వర్క్ స్విచ్. స్విచ్ ముందే ఆపేస్తే మిగతావాటిని దూరం నుంచి ఆపే దారి పోతుంది.

రెండు ఏసీలున్నాయి కదా అని ధీమా పనికిరాదు. రెండూ ఒకే ఫేజు మీద, ఒకే స్టెబిలైజర్ మీద ఉంటే పోయేటప్పుడు రెండూ కలిసే పోతాయి. ఇరుకు సందులో అవుట్‌డోర్లు ఎదురెదురుగా పెడితే ఒకదాని వేడిగాలి రెండోది పీల్చి, మే నెల మధ్యాహ్నం రెండూ ట్రిప్పవుతాయి. పైగా ఒక్కో ఏసీ ఒంటరిగా మొత్తం లోడు మోయగలగాలి. ఒకటిన్నర టన్నంటే కాగితం మీద 5.27 కిలోవాట్లు. మన తేమలో అందులో పావువంతుకు పైగా గాలిలో నీరు తీయడానికే పోతుంది. 3 కిలోవాట్ల లోడుకు అది సరిపోతుంది, 4 అయితే రెండు టన్నులది తీసుకోండి.

కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి కండెన్సర్ రెక్కలు పొడిపొడిగా రాలతాయి. కోటింగున్న కాయిల్ తీసుకుని, నెలకోసారి మంచినీళ్లతో కడిగించండి. ఫిల్టర్ పదిహేను రోజులకోసారి, డ్రెయిన్ పైపు మూడు నెలలకోసారి. డ్రెయిన్ మూసుకుపోతే నీళ్లు రాక్ మీదే కారతాయి కాబట్టి ఇండోర్ యూనిట్‌ను రాక్ నెత్తిన ఎప్పుడూ బిగించొద్దు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను. రెండుసార్లూ ఈ ప్రాంతంలో కరెంటుతోపాటు సెల్ టవర్లూ పడకేశాయి. అలాంటప్పుడు ఎస్సెమ్మెస్‌ను నమ్ముకోలేం. సైరన్‌కు సొంత బ్యాటరీ ఉందో లేదో చూడండి, కంట్రోలర్ ప్లగ్గు యూపీఎస్‌లో పెట్టండి. ఏసీ లైన్లోనే పెడితే సరిగ్గా కావాల్సిన నిమిషంలోనే అదీ ఆరిపోతుంది. రోజుల తరబడి మూతబడిన గదికి కరెంటు రాగానే సర్వర్లు వేసేయొద్దు. ముందు ఏసీ గంటో రెండు గంటలో నడిపి, తేమ ఆరాక వేయండి.

సిమ్ విషయం: కంట్రోలర్‌లో ఎస్సెమ్మెస్ పంపే మాడ్యూల్ 2జీ రకమైతే జియో సిమ్ అందులో పనిచేయదు. 4జీ మాడ్యూల్ అడగండి, నంబర్లు కనీసం మూడు పెట్టించండి, రీఛార్జి తేదీ క్యాలెండర్లో రాయండి. బిగించినవాళ్లు వెళ్లేలోపే సెన్సర్‌ను అరచేతిలో పట్టుకుని 30 దాటించి, సైరన్ మోగి ముగ్గురికీ మెసేజ్ వచ్చాకే బిల్లు కట్టండి.