ఇంట్లోకి ఒక కర్ర, బయటికి ఒక కర్ర

కుడి మోకాలు అరిగిందని డాక్టరు చెప్పినప్పటి నుంచి రెండు రకాల చేతికర్రలు వాడుతున్నాను. ఒకటి ఎత్తు మార్చుకునే అల్యూమినియం కర్ర, రెండోది కింద నాలుగు కాళ్లుండేది.

నాలుగు కాళ్లది ఇంట్లోకే. వదిలేసినా నిలబడే ఉంటుంది కాబట్టి రాత్రి మంచం మీంచి చెయ్యి చాపితే దొరుకుతుంది. బయట మాత్రం దాంతో వేగలేం. ఖిలా వరంగల్‌లో ఎగుడుదిగుడు నేల మీద ఒక కాలు రాయెక్కితే తక్కినవి సరిగా ఆనవు. కర్ర ఊగుతుంది, దాంతో మనమూ ఊగుతాం.

ఒంటి కర్ర కొనేటప్పుడు పిడి అందం కాదు, ఎత్తు చూడండి. రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలేస్తే, మణికట్టు ముడత దగ్గరికి పిడి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి 15-20 డిగ్రీలు వంగితే చాలు. ఎత్తు ఎక్కువైతే భుజం పైకి లేచి సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. తక్కువైతే నడుం వంగుతుంది. ఎత్తు మార్చాక బటన్ రంధ్రంలోంచి పూర్తిగా బయటికొచ్చిందా లేదా వేలితో తడిమి చూసుకోవాలి.

నేను కర్ర ఎడమ చేత్తో పడతాను. బస్సులో ఎవరో ఒకరు "నొప్పి కుడికాలికైతే కట్టె ఎడమచేతిల పట్టుకున్నవేంది బాపూ" అని అడగకుండా ఉండరు. నొప్పి కాలూ, అవతలి చేతిలోని కర్రా ఒకేసారి ముందుకు పడితేనే ఆ కాలి మీది బరువు కొంత తగ్గుతుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రా నొప్పి కాలూ ముందు. ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు ఎత్తు తెలిసిందే కదా, అక్కడ కర్రను పట్టీతో మణికట్టుకు తగిలించుకుని రెండు చేతులా కడ్డీ పట్టుకుంటాను. పట్టీ లేని కర్ర కొనకండి. హన్మకొండ చౌరస్తాలో టీ తాగుతూ బల్లకు ఆనించారా, ధడేల్‌మని పడుతుంది, హోటలంతా మనవైపే చూస్తుంది.

అసలు పనంతా అడుగునుండే రబ్బరు బుష్‌దే. కర్ర కొంచెం వాలుగా ఆనడం వల్ల అది ఒక పక్కే అరుగుతుంది. అడుగునున్న గాడులు అరిగిపోయాయంటే తడి టైల్స్ మీద టెన్షనే. వేయిస్తంభాల గుడికి వెళ్తే చెప్పులు బయట విడుస్తాం, కర్ర మాత్రం లోపలికి రావాల్సిందే. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి, నున్నటి రాయి. బుష్‌కు అంటిన మట్టీ తడీ గుడ్డతో తుడుచుకునే లోపలికి వెళ్తాను.

బుష్ అరిగిందని ఒక షాపుకు వెళ్తే "కొత్త కర్రే తీసుకోండి సార్" అన్నారు. చిన్న రబ్బరు ముక్క కోసం కర్ర మారుస్తామా! అన్ని బుష్‌లూ అన్ని గొట్టాలకూ పట్టవు కాబట్టి పాతది ఊడదీసి వెంట తీసుకెళ్లాలి. అంతకంటే సుఖం, కర్ర కొన్న రోజే అదే సైజువి రెండు అదనంగా అడిగి తెచ్చుకోవడం.