డేట్ వెనక్కి జరిపే మాత్ర: నోరెథిస్టెరాన్ ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చేయదు

శ్రావణ శుక్రవారం దగ్గరపడినా, ఇంట్లో పెళ్ళి ఉన్నా, తిరుమల దర్శనం టికెట్టు దొరికినా నెలసరి ఆలస్యంగా రావడానికి మందుల షాపుకి కబురు వెళ్ళే మాత్ర ఇది. పేరు చెప్పక్కర్లేదు, "డేట్ వెనక్కి జరగాలి" అంటే చాలు, స్ట్రిప్ చేతిలో పడుతుంది. ప్రిమోలుట్-ఎన్, రెజెస్ట్రోన్ అనే పేర్లు ఎక్కువగా వినబడతాయి. లోపలున్న మందు ఒకటే, నోరెథిస్టెరాన్ 5 మి.గ్రా. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని స్ట్రిప్ మీద ఉంటుంది గానీ దాన్ని చదివే తీరిక కొనేవాళ్ళకీ లేదు, అమ్మేవాళ్ళకీ లేదు.

నెలసరి లెక్కగా వచ్చేవాళ్ళకి మాత్ర చెప్పిన పని చేస్తుంది. అండం విడుదలైన తర్వాత దాదాపు రెండు వారాలు ప్రొజెస్టెరాన్ అనే హార్మోను గర్భసంచి లోపలి పొరని పట్టి ఉంచుతుంది. అది పడిపోగానే పొర ఊడి రక్తస్రావం మొదలవుతుంది. నోరెథిస్టెరాన్ ఆ హార్మోను స్థానంలో నిలబడి, వేసుకున్నన్నాళ్ళూ పొరని ఊడనివ్వదు. అందుకే డేట్‌కి 3 రోజుల ముందే మొదలుపెట్టాలి, రోజుకి మూడు వేసుకోవాలి. డేట్ 20న, వ్రతం 22న అనుకుంటే 17 ఉదయం నుంచి 22 రాత్రి వరకు, అంటే 18 మాత్రలు. ఆపిన రెండు మూడు రోజులకి, 24న గానీ 25న గానీ నెలసరి వస్తుంది. పదేసి మాత్రల స్ట్రిప్పులు రెండు తెచ్చుకోవాలి. ఇలా 10 నుంచి 14 రోజుల వరకు జరపొచ్చు, అంతకు మించి లాగకూడదు.

ఎక్కువమందికి తేడా కొట్టేది రెండుచోట్ల. ఒకటి, డేట్ ముందురోజు సాయంత్రం గుర్తొచ్చి మొదలుపెట్టడం. పొర అప్పటికే ఊడటం మొదలై ఉంటే మాత్ర వేసుకుంటున్నా మచ్చలు కనబడతాయి. రెండోది వేళ తప్పడం. ఈ మందు ఒంట్లో నిలిచేది కొన్ని గంటలే కాబట్టి ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 అని ఎనిమిదేసి గంటలు పాటించాలి. పెళ్ళి హడావుడిలో మధ్యాహ్నం మాత్రే పోతుంది. గుర్తు రాగానే ఒకటి వేసుకుని మళ్ళీ మామూలు వేళకి రావాలి, రెండు మూడు కలిపి మింగితే లాభం లేదు. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఫెనిటోయిన్ లేదా కార్బమాజెపైన్ వాడుతుంటే ఒంట్లో ఈ మందు తొందరగా కరిగిపోతుంది, వేళకి వేసుకున్నా బ్లీడింగ్ రావచ్చు.

షాపులో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. "బ్లీడింగ్ మాత్ర" అని అడిగితే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చేస్తారు. అది వచ్చిన స్రావాన్ని తగ్గిస్తుందే తప్ప రావలసినదాన్ని ఆపదు.

నెలసరి గతి తప్పినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఈ మాత్రకి మేమిచ్చే మార్కులు సగానికి పడిపోతాయి. 24 నుంచి 38 రోజుల మధ్య రావడం, 8 రోజుల్లోపు ఆగిపోవడం మామూలు. ఒక నెల 26కి, తర్వాత 50కి వచ్చేవాళ్ళు "3 రోజుల ముందు" ఎక్కణ్ణుంచి లెక్కపెడతారు? అందుకని వారం ముందునుంచే మింగుతుంటారు, లేదా రెండు నెలలుగా రావట్లేదని రప్పించుకోవడానికి వాడతారు. ఆపగానే బ్లీడింగ్ వస్తుంది, నెలసరి సరైపోయిందనుకుంటారు. వచ్చింది మాత్ర ఆపినందుకు వచ్చిన స్రావం. అండం ఎందుకు విడుదల కావట్లేదన్న ప్రశ్న అలాగే ఉంది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య), థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోను) ఎక్కువవడం, ఒక్కసారిగా బరువు పెరగడం, తగ్గడం... వీటిలో ఏదన్నది రక్తపరీక్షలు, స్కానింగ్ చూసి డాక్టరు తేల్చాలి. డాక్టర్లు కూడా ఇదే మాత్ర రాస్తారు, నిజమే. పొర నెలల తరబడి పేరుకుపోతే ప్రమాదం కాబట్టి దాన్ని దింపడానికి రాస్తారు. అలా పేరుకున్నాక వచ్చే మొదటి స్రావం గడ్డలతో భారీగానే ఉండొచ్చు.

నెల తప్పినప్పుడు మొదటి మాత్రకంటే ముందు మూత్రంతో ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోవాలి. డేట్ జరపడానికి వాడే ఈ పద్ధతి గర్భం రాకుండా కాపాడదు. టెస్ట్ పాజిటివ్ వచ్చి మచ్చలు కనబడుతూ, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో ఉందేమో అని అప్పటికప్పుడు చూపించుకోవాలి.

ఇది అస్సలు ముట్టుకోకూడనివాళ్ళూ ఉన్నారు. ఒంట్లోకి వెళ్ళాక నోరెథిస్టెరాన్‌లో కొంత భాగం రక్తం గడ్డకట్టే ముప్పు పెంచే ఈస్ట్రోజెన్ హార్మోనుగా మారుతుంది, రోజుకి మూడు మాత్రలంటే ఆ కొంతా లెక్కలోకి వస్తుంది. కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవాళ్ళు, కళ్ళముందు మెరుపులు కనబడి ఆ తర్వాత మైగ్రేన్ వచ్చేవాళ్ళు, లివర్ జబ్బున్నవాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు. బరువు బాగా ఎక్కువుంటే డాక్టరు ఈస్ట్రోజెన్‌గా మారని మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ లాంటి మందు చూస్తారు. వాడుతుండగా పిక్కలో ఒకవైపే నొప్పి, వాపు, ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. కడుపు ఉబ్బరం, రొమ్ముల్లో సలుపు, చిరాకు చాలామందికి ఉంటాయి, ఆపాక పోతాయి.

గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు వరసగా తడిసిపోతున్నా, కలయిక తర్వాత రక్తం కనబడుతున్నా, రెండు నెలసరుల మధ్య పదేపదే మచ్చలు పడుతున్నా ఈ స్ట్రిప్ సొంతంగా కొనుక్కోకండి. బ్లీడింగ్ ఆగుతుంది, కారణం దాక్కుంటుంది. నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక చుక్క కనబడినా మాత్ర ఊసెత్తకుండా స్కానింగ్‌కి వెళ్ళాలి, అవసరమైతే లోపలి పొర ముక్క తీసి పరీక్షిస్తారు.

మాలా-డి లాంటి గర్భనిరోధక మాత్రలు ఇప్పటికే వాడుతున్నవాళ్ళకి నోరెథిస్టెరాన్‌తో పనే లేదు. ప్యాకెట్టులో 21 హార్మోను మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. ఈసారికి ఐరన్ మాత్రలు పక్కనపెట్టి కొత్త ప్యాకెట్టులో హార్మోను మాత్ర మొదలుపెడితే డేట్ జరుగుతుంది.

ఇక ఆ 18 పోగా మిగిలిన రెండు మాత్రలు. పర్సులో ఉండిపోతాయి, వచ్చే నెల తోడికోడలికి మచ్చ కనబడగానే చేతులు మారతాయి. రెండింటితో పొర నిలబడదు, ఆపాక స్రావం ఇంకా గందరగోళమవుతుంది. పారేయండి.