ట్యాంకు తీసిన గుంతలో మినీరే 3000: దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

పాత పెట్రోలు బంకులో భూగర్భ ట్యాంకు పైకి తీశాక అసలు చిక్కు మొదలవుతుంది: ఇంధనం కారిందో లేదో తేల్చడానికి గుంతలో ఏ మట్టిని ల్యాబుకు పంపాలి? ప్రతి శాంపిలూ ఖర్చే కాబట్టి అన్నీ పంపలేం. ఆ ఎంపిక వరకు హనీవెల్ మినీరే 3000 పీఐడీ మీటరు (ఆవిరిని అతినీలలోహిత కాంతితో అయనీకరించి, అంటే విద్యుదావేశం వచ్చేలా చేసి, గాలిలో ఎంత ఉందో చూపేది) చాలా మంచి పనిముట్టు. మట్టి శుభ్రంగా ఉందని సర్టిఫికెట్ ఇవ్వడానికి మాత్రం పనికిరాదు. దురదృష్టవశాత్తూ ఎక్కువమంది దాన్ని వాడేది అందుకే.

ఇందులో 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల అతినీలలోహిత దీపం ఉంటుంది. బెంజీన్‌ను అయనీకరించడానికి 9.24 చాలు కనుక పెట్రోలు ఆవిరి సులువుగా దొరికిపోతుంది. రీడింగ్ 15,000 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు ఇన్ని) దాకా చూపిస్తుంది, మూడు సెకన్లలో స్పందిస్తుంది. అయితే ఆ అంకె ఐసోబ్యుటిలీన్ (మీటరును సరిచూసే వాయువు) లెక్కలో వస్తుంది. బెంజీన్ ఒక్కటే ఉందనుకుంటే దాదాపు సగానికి తగ్గించాలి. ల్యాబు ఇచ్చే కిలోకు మిల్లీగ్రాముల లెక్కతో దీన్ని పోల్చడం అర్థంలేని పని.

వాడే పద్ధతి సులువే. జిప్ కవరులో సగం వరకు మట్టి వేసి, మూసి, గడ్డలు చిదిపి, పది నిమిషాలు నీడలో ఉంచాలి. ఒకసారి బాగా కుదిపి, చిన్న కన్నం చేసి, ప్రోబు దూర్చి, కనిపించిన గరిష్ఠ అంకె రాసుకోవాలి. నల్లరేగడి అయితే చిదపడంలో బద్ధకించకూడదు. గడ్డ లోపలి ఆవిరి బయటికి రాక, పెట్రోలుతో తడిసిన మట్టి కూడా అమాయకంగా కనిపిస్తుంది. కవర్లన్నీ ఒకే వేడిలో ఉండాలి. ఎండలో పెట్టినదాన్నీ నీడలో పెట్టినదాన్నీ పక్కపక్కన పోల్చితే ఏమీ తేలదు.

కవరులో పిసికిన మట్టిని ల్యాబుకు పంపకండి. బెంజీన్ అప్పటికే సగం ఎగిరిపోయి ఉంటుంది. అదే చోట, కదపని మట్టి నుంచి చిన్న కోర్ (గొట్టంతో తీసే మట్టి ముక్క) తీసి, అక్కడికక్కడే మెథనాల్ ఉన్న సీసాలో వేసి, 4 డిగ్రీల దగ్గర ఐసుపెట్టెలో పెట్టాలి. చోట్ల విషయానికొస్తే: ట్యాంకు రెండు చివరల కింద, ఫిల్ పైపు (ట్యాంకులో ఇంధనం పోసే గొట్టం) కింద, పైపు జాయింట్ల దగ్గర, డిస్పెన్సర్ల (బండ్లలో పెట్రోలు కొట్టే యంత్రాలు) కింద. చుట్టూ పోసిన ఇసుకను కాదు, దాని కింద అర మీటరు లోతున ఉన్న సహజమైన మట్టిని తీయాలి.

మీటరు బోల్తా కొట్టేది మూడు చోట్ల. మొదటిది జీరో చేసే చోటు. గుంత పక్కనే జీరో చేస్తే అక్కడి ఆవిరే సున్నా అయి కూర్చుంటుంది, తర్వాతి అంకెలన్నీ తగ్గిపోతాయి. బొగ్గు ఫిల్టరు తగిలించి చేయాలి, లేదా గాలికి ఎదురుగా దూరం వెళ్లాలి. ఆపై 100 పీపీఎం ఐసోబ్యుటిలీన్‌తో రోజూ పొద్దున సరిచూడాలి. రెండోది ముసురు. తేమ వల్ల తగ్గే రీడింగ్‌ను లోపలి తేమ సెన్సరు సరిదిద్దుతుంది. ఆవిరిని కొలిచే పీఐడీ సెన్సరుపై దుమ్ము పేరుకుంటే మాత్రం తేమ తగలగానే అంకె ఉత్తినే పెరుగుతుంది. ప్రోబు కొసకు అరచేయి గుప్పిలిలా అడ్డం పెట్టి చూడండి. రీడింగ్ ఎక్కుతుంటే దీపాన్నీ సెన్సరునూ మెథనాల్‌తో తుడవాల్సిందే. దీపం అద్దాన్ని వేలితో ముట్టుకోవద్దు.

మూడోది ఇంధనమే. పాత డీజిలు పెద్దగా ఆవిరవదు కాబట్టి నల్లటి, కంపుకొట్టే మట్టిలో కూడా అంకె చిన్నదిగానే రావచ్చు. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలులోని ఇథనాల్‌ను అయనీకరించడానికి 10.47 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, అది ఈ దీపానికి అంచుమీద ఉంది, అందుకే బాగా తక్కువ చూపిస్తుంది. మీథేన్ అసలు కనిపించదు. పేలుడు ప్రమాదం తెలుసుకోవడానికి విడిగా ఎల్‌ఈఎల్ మీటరు (గాలిలోని ఆవిరి మండే స్థాయికి ఎంత దగ్గరగా ఉందో చూపేది) ఉండాల్సిందే.

నీటి దగ్గర దీని పాత్ర ఇంకా చిన్నది. మానిటరింగ్ బావి (భూగర్భ జలాన్ని పరీక్షించడానికి వేసే సన్నని బోరు) మూత తీయగానే కేసింగ్ (బావి గొట్టం) నోటి దగ్గర ఒక రీడింగ్, అంతే. నీటిమీద తేలే పెట్రోలు మందం కొలవడానికి ఇంటర్‌ఫేస్ మీటరు (పెట్రోలు, నీరు ఎక్కడ కలుస్తాయో చూపేది) వాడాలి. హైదరాబాదు లాంటి గ్రానైటు నేలల్లో పక్కింటి బోరు నీళ్లు తెచ్చి పరీక్షించి సరిపెట్టుకోవడం తరచూ జరిగే పొరపాటు. పై మెత్తని పొరకు కేసింగ్ అడ్డం ఉంటుంది, మోటారు లోతు పగుళ్ల నీళ్లు తోడుతుంది. తేలే పెట్రోలు అందులో కనిపించదు. నీళ్లు లోపలికి వచ్చే జల్లెడ పైపు భాగం వానాకాలపు పైమట్టాన్నీ వేసవి కింది మట్టాన్నీ కలుపుకునేలా బావి వేయాలి. భూగర్భ జలం ప్రవాహం ఎటో తేలాలంటే ఒకే గీతమీద లేని మూడు బావులైనా కావాలి. నీటి శాంపిల్ 40 మిల్లీలీటర్ల సీసాలో, హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలతో, బుడగ మిగలకుండా నింపాలి.

నెలకొకటో రెండో గుంతలు చూసేవాళ్లు కొనుక్కోవచ్చు. ఏడాదికొకసారి అవసరమయ్యేవాళ్లు క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ అడిగి అద్దెకు తీసుకోవడం నయం. ఎలా తెచ్చుకున్నా నీళ్లు లాగకుండా ఆపే ఫిల్టర్లు ఓ డజను పక్కన పెట్టుకోండి. తడి గుంతలో మీటరు లోపలి పంపు చచ్చిపోయేది అవి లేకపోవడం వల్లే.